నాలుగేళ్ల బాబు బ్రష్ చూస్తేనే ఏడుస్తున్నాడు, పళ్లు తోమే అలవాటు ఎలా చేయాలి?

పరకాల వైపు నుంచి ఒక అమ్మ అడిగిన ప్రశ్న ఇది. కుదించి రాస్తున్నాను. బాబుకు నాలుగేళ్లు. పొద్దున ఎలాగో ఒకసారి వాడే తోముకుంటాడు, తల్లి చేయి పెడితే ఏడుపు. రాత్రి సీసాలో పాలు తాగుతూ నిద్రపోతాడు. వెనక పళ్ల మీద రెండు నల్ల మచ్చలు కనిపిస్తున్నాయి. అత్తమ్మేమో "పాల పండ్లే గదా, ఎట్లయినా ఊడిపోయేటియే, పోరన్ని ఎందుకు ఏడిపిస్తవ్" అంటున్నారు. అలవాటు ఎలా చేయాలి, ఏ పేస్టు వాడాలి, డాక్టర్ దగ్గరికి ఇప్పుడే వెళ్లాలా?

సూటిగా చెప్తాను. ఈ వయసులో పళ్లు తోమే అలవాటు కావాల్సింది బాబుకు కాదు, మీకు. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా బ్రష్ పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. ముందు వాడు తోముకోనీ, ఆడుకోనీ, ఆ తర్వాత అసలు తోముడు మీది. రెండు పూటలా తోమాలి. ఏ రోజైనా ఒక పూట తప్పక తప్పితే పొద్దునది తప్పనివ్వండి, రాత్రిది మాత్రం వద్దు. రాత్రి తోమాక తెల్లారేదాకా నోట్లోకి నీళ్లు తప్ప ఏదీ పోకూడదు. మచ్చలను ఈ వారంలోనే చూపించండి.

నేను హన్మకొండలో 19 ఏళ్లుగా పిల్లల పళ్లు చూస్తున్నాను. నా దగ్గరికి వచ్చే తల్లులు ఎక్కువగా అడిగేది పేస్టు గురించి. నేను మొదట అడిగేది మాత్రం "రాత్రి పడుకునే ముందు చివరగా ఏం తిన్నాడు, ఏం తాగాడు?" అని. సగం రోగం ఆ జవాబులోనే బయటపడుతుంది.

ఎందుకంటే, మెలకువగా ఉన్నంతసేపు నోట్లో ఉమ్మి ఊరుతూ ఉంటుంది. పళ్లకు కాపలా అదే. యాసిడ్‌ను పలచన చేస్తుంది, పోయిన ఖనిజాన్ని కొంత తిరిగి అందిస్తుంది. నిద్రలో ఆ ఉమ్మి బాగా తగ్గిపోతుంది. అప్పుడు పళ్ల మీద పాలో, నానిన బిస్కెట్టో మిగిలి ఉంటే నోట్లో ఉండే బ్యాక్టీరియాకు రాత్రంతా పండగే. అది చక్కెరను తిని యాసిడ్ వదులుతుంది, ఆ యాసిడ్ పన్ను పైపొరను కరిగిస్తుంది. పాల పళ్లకు ఆ పైపొర పెద్ద పళ్లకున్న దాంట్లో సుమారు సగం మందమే ఉంటుంది కాబట్టి పుచ్చు తొందరగా లోపలికి దిగుతుంది. పిప్పి పన్ను అంటే ఇంతే, లోపల పురుగు అంటూ ఏదీ లేదు. జాతరల్లో, అంగళ్లలో "పురుగు తీస్తం" అని కూర్చునేవాళ్లు దూదిలో ముందే దాచుకున్న పురుగును చూపించి డబ్బులు తీసుకుంటారు. ఆ పురుగును పొట్లం కట్టుకుని నాకు చూపించడానికి తెచ్చినవాళ్లు కూడా ఉన్నారు.

పాల సీసా పెట్టుకుని నిద్రపోయే పిల్లలను నోరు తెరవగానే గుర్తుపడతాం. పైన ముందు నాలుగు పళ్లు అరిగి గోధుమ రంగుకు తిరిగి ఉంటాయి, కింద ముందు పళ్లు తెల్లగా బాగుంటాయి. సీసా తాగేటప్పుడు నాలుక కింది పళ్లను కప్పేస్తుంది, ఉమ్మి కూడా అక్కడే ఊరుతుంది, అందుకని అవి బతికిపోతాయి. నర్సంపేట వైపు నుంచి రెండున్నరేళ్ల పాపను తెచ్చారు ఒకసారి. అచ్చం ఇదే తీరు. "సీసా ఎప్పుడో మాన్పించినం డాక్టరమ్మా" అని తల్లి ఒట్టు వేసింది. వెనక బెంచీ మీద కూర్చున్న నానమ్మ కాసేపు చూసి, "రాత్రిపూట నేనే ఇస్తున్న, ఏడిస్తే మీరు లేస్తరని" అంది మెల్లగా.

ఆమెను తప్పు పట్టే అర్హత నాకు లేదు. మా సొంత కొడుక్కి నాలుగో ఏట మూడు పళ్లకు ఫిల్లింగ్ చేయాల్సి వచ్చింది. సాయంత్రం క్లినిక్ ముగించుకుని నేను ఇంటికి చేరేసరికి తొమ్మిదిన్నర అయ్యేది, అప్పటికే వాడు నిద్రలో ఉండేవాడు. మా అత్తమ్మ ఎనిమిదింటికి పళ్లు తోమించేవారు, నేను చెప్పినట్టే. తొమ్మిదింటికి బెల్లం కలిపిన పాలు గ్లాసెడు ఇచ్చి పడుకోబెట్టేవారు, అది నేను అడగలేదు. ఊళ్లో పిల్లల పళ్లన్నీ చూస్తూ సొంత పిల్లాడి పెదవి ఎత్తి చూడటానికి ఎనిమిది నెలలు పట్టింది నాకు.

ఇక తోమే పద్ధతి. ఎదురుగా నిలబెట్టి తోమితే నాలుగేళ్ల పిల్లాడు తల తిప్పేస్తాడు. చాప మీద కూర్చోండి, వాడిని వెల్లకిలా పడుకోబెట్టి తల మీ ఒళ్లో పెట్టుకోండి. మీ ముఖం వాడి ముఖానికి పైన, తలకిందులుగా కనిపిస్తుంది, చాలామంది పిల్లలు దానికే నవ్వుతారు. ఎడమ చేతి చూపుడు వేలితో పై పెదవిని మెల్లగా ఎత్తి పట్టుకోండి. పై పెదవికీ చిగురుకూ మధ్యలో ఒక సన్నని తీగలాంటిది ఉంటుంది, బ్రష్ దానికి తగిలితే నొప్పి పుడుతుంది. "బ్రష్ చూస్తే ఏడుస్తాడు" అనే పిల్లల్లో చాలామందిది ఆ నొప్పి జ్ఞాపకమే. వేలు దాని మీద అడ్డంగా పెడితే తగలదు. బ్రష్ కుచ్చును పన్నూ చిగురూ కలిసే గీత మీద కొంచెం ఏటవాలుగా ఆనించి చిన్న చిన్న సున్నాలు చుట్టండి. గట్టిగా రుద్దక్కర్లేదు. వెనక దవడ పళ్లతో మొదలుపెట్టండి. అందరూ ముందు పళ్లతో మొదలుపెడతారు, వెనక్కి వచ్చేసరికి పిల్లాడి ఓపిక అయిపోతుంది. పుచ్చేవి ఎక్కువగా వెనకవే.

ఏడిస్తే? నోరు తెరిచే ఏడుస్తాడు కదా, తోమడానికి వీలే. ఇది జోక్ కాదు. కోప్పడకుండా, ఆపకుండా, అదే గొంతుతో ఒకటి రెండు అని లెక్కపెడుతూ తోమేయండి. పాల పళ్లు మొత్తం 20, పైన పది, కింద పది. నా అనుభవంలో వారం పది రోజుల్లో ఏడుపు తగ్గుతుంది, ఇరవై దాకా లెక్కపెడితే అయిపోతుందని వాడికి అర్థమవుతుంది. ఒక రోజు తోమి, ఒక రోజు ఏడ్చాడని వదిలేస్తే మాత్రం "గట్టిగా ఏడిస్తే వదిలేస్తారు" అన్నదే వాడు నేర్చుకునేది.

బెదిరింపు అసలు వద్దు. "తోముకోకపోతే డాక్టర్ సూది ఇస్తడు" అని రెండేళ్లు చెప్పి తీసుకొచ్చిన పిల్లలు మా తలుపు దాటి లోపలికే రారు. ఒక బాబు వెయిటింగ్ రూమ్‌లో కుర్చీల కింద దూరి ముప్పావు గంట బయటికి రాలేదు. చివరికి నేనే నేల మీద కూర్చుని వాడి చేతికి అద్దం ఇచ్చి నా పళ్లు లెక్కపెట్టమన్నాను. అట్లాగే "ఏం చెయ్యరు నాన్నా, ఊరికే చూస్తరంతే" అని మాట ఇచ్చి తేవడం కూడా తప్పే. ఏదో ఒకటి చేయాల్సి వస్తే ఆ తర్వాత మీ మాటా, నా మాటా రెండూ నమ్మడు.

బహుమతిగా చాక్లెట్ ఇవ్వొద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటా. గోడకు తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా, రాత్రి తోమిన రోజు ఆ గడిలో వాడితోనే స్కెచ్ పెన్నుతో ఒక గీత పెట్టించండి. అమావాస్య దాకా ఎన్ని గీతలొచ్చాయో లెక్కపెట్టుకోవడం మా వాడికి పెద్ద పని. ఇంకో మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ ఇంట్లో రాత్రిపూట మీరు, బాబు వాళ్ల నాన్న బ్రష్ చేస్తారా? చాలా ఇళ్లలో పెద్దవాళ్లెవరూ చేయరు. ఇల్లంతా పడుకోబోతుంటే వాడొక్కడికే ఈ శిక్ష ఎందుకని పిల్లాడు అనుకోవడంలో తప్పేముంది? వాళ్ల నాన్న పక్కన నిలబడి తోముకుంటే సగం పని అయిపోయినట్టే.

పేస్టు సంగతి. ఫ్లోరైడ్ ఉన్నది వాడండి. పుచ్చును ఆపడానికి పేస్టులో బాగా నిరూపణ అయిన పదార్థం అదే. డబ్బా వెనక ఫ్లోరైడ్ ఎంతో పీపీఎంలో, అంటే పది లక్షల వంతుల్లో ఎన్ని వంతులని, రాసి ఉంటుంది, మన దేశంలో పేస్టులకు గరిష్ఠ పరిమితి 1000 పీపీఎం. పులి బొమ్మ, స్ట్రాబెర్రీ రుచి ఉన్న పిల్లల పేస్టుల్లో కొన్నింట్లో దీంట్లో సగమే ఉంటుంది, కొన్నింట్లో అసలే ఉండదు, కాబట్టి బొమ్మ కాదు, వెనక రాత చదవండి. 1000కి దగ్గరగా ఉన్న మామూలు పేస్టు సరిపోతుంది. ఎంత పెట్టాలన్నదే ముఖ్యం: మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్లకు బఠాణీ గింజంత. టీవీలో చూపించినట్టు బ్రష్ పొడవునా పెట్టొద్దు. తోమాక ఉమ్మేయించండి, కానీ గ్లాసుల కొద్దీ నీళ్లతో పుక్కిలించొద్దు. కొంచెం పేస్టు పళ్లకు అంటుకుని ఉంటేనే రాత్రంతా పనిచేస్తుంది.

ఇక్కడ మన ప్రాంతం వాళ్లకు ఒక హెచ్చరిక. ఫ్లోరైడ్ అనగానే నల్గొండ గుర్తొస్తుంది గానీ, మన ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో కూడా కొన్ని ఊళ్ల బోరు నీళ్లలో అది ఎక్కువే. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఓర్చుకోవచ్చని మన ప్రమాణం. అంతకు మించిన నీళ్లు చిన్నప్పటి నుంచి తాగితే, దవడ లోపల తయారవుతున్న పెద్ద పళ్ల మీద సున్నం చుక్కల్లాంటి తెల్ల మచ్చలు, తర్వాత గోధుమ రంగు గీతలు వస్తాయి. ఎనిమిదేళ్ల లోపు మింగినదే ఆ పళ్లను పాడుచేస్తుంది. అందుకని మీది బోరు నీళ్ల ఇల్లయితే తాగడానికి, వంటకు మిషన్ భగీరథ నల్లా నీళ్లు వాడండి, అవి నది నీళ్లను శుద్ధి చేసి ఇచ్చేవి. పేస్టు మానక్కర్లేదు, గింజ కొలత దాటకుండా, మింగకుండా చూస్తే చాలు. అనుమానం ఉంటే ముందు నీళ్లు పరీక్ష చేయించి, ఆ రిపోర్టుతో మీ డాక్టర్‌ను అడగండి.

వేప పుల్ల గురించి తాతలు తప్పకుండా అడుగుతారు. అలవాటున్న పెద్దవాళ్లు చిగుళ్లు కోసుకోకుండా వాడుకుంటే నాకు అభ్యంతరం లేదు. పిల్లాడి నోట్లో మాత్రం అది వెనక పళ్ల లోపలి వైపుకు అందదు. బొగ్గు, ఇటుక పొడి, ఉప్పు, గరుకు పళ్లపొడి వద్దే వద్దు, పైపొర అరిగిపోతుంది. బొగ్గును నల్లటి పేస్టుగా చేసి ఖరీదుగా అమ్మినా అంతే.

తిండి దగ్గర అందరూ ఒకే పొరపాటు చేస్తారు. ఎంత తీపి తిన్నాడని చూస్తారు. చూడాల్సింది ఎన్నిసార్లు తిన్నాడని. తీపి తగిలిన ప్రతిసారీ నోట్లో యాసిడ్ పెరిగి, మళ్లీ మామూలుగా అయ్యేసరికి ఇరవై ముప్పై నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అన్నంతో పాటు ఒక లడ్డూ తింటే ఒక దెబ్బ. అదే లడ్డూను గంటకో ముక్క చొప్పున రోజంతా తింటే పది దెబ్బలు. 1940ల్లో స్వీడన్‌లో మానసిక వైకల్యం ఉన్నవాళ్ల ఆశ్రమంలో వాళ్లకు తీపి పెట్టి మరీ ఈ విషయాన్ని తేల్చారు. చేసిన పద్ధతి ఘోరం, ఈ రోజుల్లో ఎవరూ ఒప్పుకోరు. కానీ భోజనంతో తిన్న తీపి కన్నా మధ్య మధ్యలో తిన్న జిగట టాఫీలే పళ్లను ఎక్కువ పాడుచేస్తాయని అక్కడే స్పష్టంగా తెలిసింది.

కాబట్టి సద్దుల బతుకమ్మ నాడు మలీద ముద్దలు, సత్తుపిండి పెట్టినందుకు నేనేమీ అనను. మేడారం నుంచి తెచ్చిన బంగారం, అదే బెల్లం, ప్రసాదంగా నోట్లో వేస్తే ఏమీ కాదు. నాకు భయం వేసేది కిరాణా షాపు ముందు వేలాడే ఐదు రూపాయల ప్యాకెట్ల దండ చూస్తేనే. క్రీమ్ బిస్కెట్, జెల్లీ, కారం రుచి ఉన్న కరకర ముక్కలు కూడా. అవి తియ్యగా ఉండవు గానీ దవడ పళ్ల గుంటల్లో పిండిలా అతుక్కుని గంటల తరబడి ఉంటాయి. టీలో ముంచిన బిస్కెట్టూ అంతే. "చక్కెర మానేసి బెల్లం ఇస్తున్నం" అని గర్వంగా చెప్పేవాళ్లు వారానికి ఇద్దరైనా వస్తారు. రక్తానికి ఏమో గానీ పన్నుకు రెండూ ఒకటే, బెల్లం ఇంకొంచెం ఎక్కువ అతుక్కుంటుంది. బడి నుంచి రాగానే ఆకలికి పల్లీలు, ఉడకబెట్టిన శనగలు, జామకాయ, పెరుగన్నం ఏదైనా పెట్టండి. తీపి ఇవ్వాల్సి వస్తే అన్నం తిన్న వెంటనే ఇచ్చేయండి. దగ్గు సిరప్ రాత్రి పడుకునే ముందు వేస్తారు కదా, చాలావాటిలో చక్కెర ఉంటుంది. అది వేశాకే పళ్లు తోమండి.

సీసా మాన్పించడం. అసలు ఏడాదికి మొదలుపెట్టి ఏడాదిన్నరకు మాన్పించాల్సింది, ఇప్పుడు ఆలస్యమైందని బాధపడొద్దు. ఒకేసారి లాక్కోకండి. మొదటి రెండు రాత్రులు పాలలో పావు వంతు నీళ్లు కలపండి, చక్కెర వేయొద్దు. తర్వాత రెండు రాత్రులు సగం, ఆ తర్వాత ముప్పావు, ఆపైన ఉత్త నీళ్లే. ఉత్త నీళ్ల కోసం ఏ పిల్లాడూ ఎక్కువ రోజులు సీసా అడగడు. పాలు తగ్గుతున్నాయని భయం ఉంటే అన్నం తిన్న తర్వాత గ్లాసుతో తాగించి, ఆ తర్వాత తోమండి.

అత్తమ్మ విషయానికి వస్తే, వాదించి గెలవలేరు. నేను గెలవలేదు. పాల పళ్లన్నీ ఒకేసారి ఊడవు, ముందువి ఆరేడేళ్లకు ఊడితే వెనక దవడ పళ్లు పది పన్నెండేళ్ల దాకా ఉండాలి, అవి ముందే పోతే పక్క పళ్లు ఆ ఖాళీలోకి జరిగి పెద్ద పళ్లు వంకరగా వస్తాయి అని నేను ఎంత చెప్పినా మా అత్తమ్మ "మా కాలంల ఎవరికి తోమినం" అనే అన్నారు. ఆఖరికి ఆ పనే ఆమెకు అప్పగించేశాను. బ్రష్, బియ్యపు గింజ కొలత, ఒళ్లో పడుకోబెట్టడం అన్నీ చూపించి, మా పాప వంతు వచ్చేసరికి "ఇది మీ డ్యూటీ" అన్నాను. నెల తిరక్కుండానే ఒక రాత్రి పెళ్లి విందు నుంచి తెచ్చిన మైసూర్‌పాక్ ముక్క పాపకు ఇవ్వబోతే నా చెయ్యి పట్టుకుని, "పండ్లు తోమిన, ఇగ నీళ్లే. పొద్దుగాల పెట్టు" అన్నారు.

మీ బాబు మచ్చలు. నల్లగా ఉన్నదంతా పుచ్చు కాదు. ఐరన్ సిరప్ తాగే పిల్లలకు పళ్ల మీద నల్లటి చారలు పడతాయి, అవి క్లీనింగ్‌తో పోతాయి. కానీ దవడ పళ్ల నమిలే వైపు, గుంటల్లో ఉంటే పుచ్చు అయ్యే అవకాశమే ఎక్కువ. చిన్నదైతే ఫిల్లింగ్‌తో అయిపోతుంది. కుర్చీలో కదలకుండా కూర్చోలేని పిల్లలకు సిల్వర్ ఉన్న ఒక మందు చుక్క పూస్తాం, డ్రిల్లింగ్ ఉండదు, చాలాసార్లు పుచ్చు అక్కడితో ఆగిపోతుంది, కాకపోతే ఆ చోటు నల్లగా మారి అలాగే ఉండిపోతుంది. రాత్రి నిద్రలోంచి లేచి పన్ను నొప్పి అని ఏడ్చాడంటే పుచ్చు నరం దాకా వెళ్లిందని అనుమానించాలి. బుగ్గ వాచినా, వాపుతో జ్వరం వచ్చినా వారం ఆగకండి, ఆ రోజే వెళ్లండి. ఖర్చు భయం ఉంటే ముందు ప్రభుత్వ ఆసుపత్రి పళ్ల విభాగంలో చూపించండి. అంగన్‌వాడీకి, సర్కారు బడికి పిల్లల ఆరోగ్యం పరీక్షించే సర్కారు పథకం ఆర్‌బీఎస్‌కే టీమ్ వచ్చినప్పుడు కూడా పిల్లల పళ్లు చూస్తారు, ఆ రోజు బాబును మాన్పించకండి.

ఇంట్లో మీరే చూడగలిగేది ఒకటుంది. నెలకోసారి ఫోన్ టార్చ్ వేసి పై పెదవి ఎత్తండి, చిగురు పక్కన పన్ను మీద సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీత ఉందేమో చూడండి. అది పుచ్చుకు మొదటి మెట్టు. ఆ దశలో రాత్రి తోముడు, ఫ్లోరైడ్ పూతతో దాన్ని అక్కడే ఆపొచ్చు, చాలాసార్లు వెనక్కి కూడా తిప్పొచ్చు. గోధుమ రంగుకు తిరిగి గుంట పడిందంటే డాక్టర్ పనే.

ఇంకో రెండేళ్లకు ఇదే టార్చ్‌తో చివరి పాల పన్ను వెనకాల కూడా చూడండి. ఆరేళ్లకు అటూ ఇటుగా అక్కడ కొత్త దవడ పన్ను వస్తుంది, పైనా కిందా కలిపి నాలుగు. ఏ పన్నూ ఊడకుండా వస్తుంది కాబట్టి అందరూ దాన్ని కూడా పాల పన్నే అనుకుంటారు. అది జీవితాంతం ఉండే పన్ను. సగమే బయటికి వచ్చి మిగతా పళ్ల కన్నా కిందుగా ఉంటుంది, మామూలుగా తోమితే బ్రష్ దాని మీదుగా వెళ్లిపోతుంది. బ్రష్‌ను పక్క నుంచి అడ్డంగా పెట్టి దాన్ని ఒక్కదాన్నే తోమాలి. పూర్తిగా బయటికి వచ్చాక గుంటలు లోతుగా ఉంటే సీలెంట్, అంటే ఆ గుంటలను మూసేసే పూత, వేయించండి, అయిదు పది నిమిషాల పని, సూది ఉండదు.